లేచి నిలబడ్డ, మాట రాలె

(పీజీ హాస్టల్‌ల కొత్తగ చేరిన విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినోళ్లు జర్నలిజం ఉద్యోగాల గురించి చెప్పమన్నరు. అది చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు. చెప్పుకునేంత ఉద్యోగం మాత్రం దాంట్ల లేదు. కాయితం మీద నాలుగు ముక్కలు రాసుకొచ్చిన గని ఇప్పుడే మడిచి జేబుల పెట్టుకున్న. ఎందుకో చెప్త.

సభ మొదలయ్యే ముందు మిమ్ముల పరిచయం చేసుకొమ్మని మైకు తిప్పిన్రు గద. మూడో వరుసల ఒక చెల్లె లేచింది. పేరు చెప్పింది. ఊరు పేరు చెప్పబోయి ఆగింది. ఊరు పేరు యాది మరిచిందా? ఎవరన్న సొంత ఊరు మరుస్తరా? మైకు పక్కామె చేతుల పెట్టి కూసున్నది. ఇద్దరు ముగ్గురు నవ్విన్రు. నవ్వినోళ్లను నేనేమీ అనను. ఎందుకు అననో కూడ చెప్త, జెర ఓపిక పట్టుండ్రి.

2008ల నేను పీజీ మొదటి సంవత్సరం. ఏ యూనివర్సిటీ అని అడగకుండ్రి, ఏ యూనివర్సిటీ అయినా కథ ఇదే. మాది జనగామ దిక్కు ఒక పల్లె. డిగ్రీ దాక తెలుగు మీడియం. ఎకనామిక్స్ల సీటొచ్చింది. ఇంట్ల అందరికంటె ముందు నేనే పెద్ద సదువుకొచ్చిన. మా నాయిన బస్సెక్కించుకుంట 'సార్లు అడిగితె నోరుమూసుకొని ఉండకురా' అన్నడు. ఆ మాట నా మీద ఎంత బరువైందో ఆయనకు ఎరుకలేదు.

ఆ దినం భూసంస్కరణల పాఠం. సారు ఇంగ్లీషుల చెప్పుకుంట చెప్పుకుంట ఆగిండు. హైదరాబాదు టెనెన్సీ చట్టం, 1950 అని బోర్డు మీద రాసిండు. 'ప్రొటెక్టెడ్ టెనెంట్ అంటే ఎవరు?' అని అడిగి, కండ్లు అటు ఇటు తిప్పి, కిటికి పక్కకున్న నా మీద నిలిపిండు. 'యూ.'

ఇక్కడొక మాట ఆగి చెప్పాలె. ఆ క్లాసుల ఉన్న నలభై మందిల ఆ ప్రశ్నకు జవాబు నాకంటె మంచిగ తెలిసినోడు లేడు. ఇది గొప్పకు చెప్తలేను. మా తాత రక్షిత కౌల్దారు. దొర భూమి దున్నినోడు. మా ఇంట్ల రేకు పెట్టెల, గుడ్డల చుట్టిపెట్టిన 38-ఇ సర్టిఫికెట్ ఉండె. దసరకు ఒకపారి తీసి ఎండకు పెట్టెటోళ్లు. ఖాస్రా పహాణీల పేరు ఎక్కించుకునేటందుకు మా తాత పట్వారీ ఇంటిచుట్టు ఎన్నిమార్లు తిరిగిండో, మాలీపటేల్‌కు ఏమేమి మోసిండో, తహసీల్ కచేరి ముందట చింతచెట్టు కింద ఎన్ని పూటలు కూసున్నడో వినుకుంట పెరిగిన. సారు అడిగింది నా ఇంటి ముచ్చట.

లేచి నిలబడ్డ. మాట రాలె.

ఎట్లుంటదంటే, ముందు నాలుక పిడచగట్టుకపోయింది. చెవులు గుయ్యిమన్నయి. గుండె కొట్టుకునుడు పక్కోనికి ఇనబడుతున్నదేమో అనిపించింది. పైన ఫ్యాను ఒక రెక్క కిర్రుకిర్రుమంటున్నది, అదొక్కటే మంచిగ ఇనబడ్డది. 'కౌల్దారు' అనే మాట నోట్ల దాక వచ్చింది. గది క్లాసుల అనే మాటేనా? ఇంగ్లీషుల ఏమంటరు? పహాణీని ఏమంటరు? పట్వారీని ఏమంటరు? ఒక్కొక్క మాటను గడప దగ్గర ఆపి అడిగిన. అన్ని మాటలు గడప దగ్గర్నే నిలబడ్డయి, ఒక్కటి బయిటికి రాలె. 'సార్... అంటే సార్...' అన్న. అంతే.

సారు మంచోడే. తిట్టలె. 'సిట్ డౌన్' అని, ముందు బెంచిల పిల్లగాన్ని అడిగిండు. ఆయన పుస్తకంల ఉన్న నిర్వచనం టకటక చెప్పిండు. తప్పు లేదు. గని ఆ జవాబుల మనుషుల్లేరు, చింతచెట్టు లేదు. సారు 'గుడ్' అన్నడు. వెనుకనుంచి ఎవరో 'నోట్ల అంబలి ఉందారా' అన్నరు. నవ్విన్రు. నేను కూసున్న. కూసున్నంక జవాబు మొత్తం, మొదటి మాటనుంచి ఆఖరు మాట దాక, వరుసగ యాదికొచ్చింది. ఈ బాధ పడ్డోళ్లు ఈ హాలుల ఎంతమంది ఉన్నరో చేతులెత్తమనను. నాకు ఎరికే.

ఆ తర్వాత ఆర్నెళ్లు నేను చదివింది తక్కువ, దాసుకున్నది ఎక్కువ. స్తంభం వెనుక బెంచి ఎతికి పట్టుకున్న. హాజరు తీసినంక వచ్చుడు, సెమినారు దినం జరమని పండుకునుడు. సెమినారు రోల్ నెంబర్ల వరుసల నడుస్తుండె. ఏ దినం నా నెంబరు వస్తదో వేళ్లమీద లెక్కేసుకొని ఆ దినం ఊరికి పోయిన. మా అమ్మ సంబురపడ్డది, కొడుకు చూడవచ్చిండని.

మాటరానోనికి తెలివి లేదనుకుంటరు. దాన్ని కాదని నిరూపించుకోవాలంటే మళ్ల మాటే కావాలె. ఆ మాటే లేదు. గీ గిరిగీసిన గుండ్రంలనే తిరుగుడు.

ఇగ నవ్వినోళ్ల సంగతి.

మా క్లాసుల పాలమూరు నుంచి వచ్చిన ఒక దోస్తు ఉండె. పేరు వద్దు. వాళ్ల నాయిన బొంబాయిల మట్టిపని చేసెటోడు. రాత్రిపూట హాస్టల్ డాబా మీద కూసోని మాట్లాడిండంటే తెల్లారేదాక ఇనొచ్చు. వలస గురించి మేం పుస్తకంల చదివినం, ఆయన బస్సుల పండుకొని తిరిగిండు. ఒకరోజు క్లాసుల వలస గురించి అడిగితె ఆయన లేచిండు. నా లెక్క మూగవోలె. ధైర్యంగ మొదలువెట్టిండు. 'గా కరువుల మా ఊర్లె...' అన్నడు.

ఆ 'గా' మీద నవ్వు పుట్టింది. ముందు ఒక మూలకు. తర్వాత క్లాసంత. నేను నవ్విన.

అవును, నేనే. నేను ఇంట్ల 'గా' అనేటోణ్నే. మా అమ్మ 'గా' అనేదే. ఎందుకు నవ్విన? నా మీద నవ్వలేదు గద అని నవ్విన. నవ్వినోళ్లల్ల కలిసిన అని నవ్విన. ఆయన తిరిగి చూసిండు. అందరిని చూడలె, నన్ను చూసిండు. మాట సగంల ఆపి, ఇంకింత సేపు అట్లనే నిలబడి, కూసున్నడు. సంక్రాంతి సెలవులకు ఊరికి పోయిండు. మళ్ల రాలె. మెస్ బిల్లు కోసం నోటీసు బోర్డు మీద ఆయన పేరు చాన దినాలు ఉండె.

గందుకే ఇందాక నవ్వినోళ్లను ఏమనను అన్న.

ఇది మన దగ్గర కొత్త ముచ్చట గాదు. 1921 నవంబర్ల హైదరాబాదు వివేకవర్ధని థియేటర్ల సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషుల మాట్లాడినోళ్లను విన్నరు, ఉర్దూల, మరాఠీల మాట్లాడినోళ్లను విన్నరు. ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగుల మొదలువెట్టంగనే గోల, ఎగతాళి. ఆ అవమానంల నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు లాంటోళ్లు కూడిన్రు. తర్వాత గ్రంథాలయాలు, 1930ల జోగిపేటల ఆంధ్ర మహాసభ, ఆ మీద నడిచిన చరిత్ర మీకెరుకే. చరిత్ర పుస్తకాలు సంఘం పుట్టిన సంగతి రాసినయి. ఆ రాత్రి ఇంటికి పోయినంక వెంకటరామారావుకు నిద్ర పట్టిందా లేదా అనేది రాయలె. నాకు ఎప్పుడూ అదే తెలుసుకోవాలని ఉంటది.

1934ల సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను కూడగట్టి గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. తెలంగాణల కవులు లేరు అన్న మాటకు జవాబు అది. మూడువందల యాభై నలుగురు! ఒక్క మాట పడితె అంతమందిని సాక్ష్యానికి పిలవాల్సొచ్చింది.

యూనివర్సిటీల సంగతి చూడుండ్రి. 1918ల ఉస్మానియా తెరిచినప్పుడు బోధన ఉర్దూల. దేశంల ఒక దేశభాషల పై సదువులు చెప్పిన మొదటి యూనివర్సిటీ అదే. దారుల్ తర్జుమా అని అనువాదాలకు ఒక శాఖనే పెట్టిన్రు. వైద్యం, ఇంజనీరింగు దాక ఉర్దూ పుస్తకాలు చేసిన్రు. గొప్ప పని, కాదనం. గని ఊర్లనుంచి వచ్చిన తెలుగు పిల్లగానికి అది పరాయి భాషే. కిందమీద పడి ఉర్దూ నేర్చుకున్నంక, 1948 పోలీసు చర్య తర్వాత ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూల చదివినోళ్లు ఒక్క పొద్దుల సదువురానోళ్లయిన్రు. ఆ మీద 1956 వచ్చింది. ఇప్పుడు తెలుగే గద అనుకుంటే, అది రెండున్నర జిల్లాల తెలుగు. బడి పుస్తకంల అది, రేడియోల అది, పత్రికల అది. మన మాట సినిమాల రౌడీకి, తాగుబోతుకు, నవ్వులాటకు పెట్టిన్రు. మా తాత మొదలు నా దాక మూడు తరాలు బడిల అడుగుపెట్టంగనే ఇంట్లది నోరు బయిట ఇడిసి పెట్టుడే.

ఒక న్యాయం చెప్పాలె. మా క్లాసుల శ్రీకాకుళం దిక్కునుంచి వచ్చిన ఒకామె ఉండె. ఆమె కూడ లేస్తే వణికేది. రెండున్నర జిల్లాల భాష ఆమెది కూడ గాదు. ఆమెతోని నేను రెండేండ్లల్ల ఒక్క దినం మాట్లాడలె. ఆంధ్రామె అనుకున్న. ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గు.

2009 నవంబర్ 29 తర్వాత ఏమైందో మీరు చిన్నపిల్లలు, పెద్దోళ్లు చెప్తె ఇని ఉంటరు. క్యాంపస్లన్ని అంటుకున్నయి. లాఠీలు, టియర్ గ్యాస్. డిసెంబర్ 3న శ్రీకాంతచారి చనిపోయిండు. డిసెంబర్ 9న ప్రకటన, 23న మళ్ల ఎనుకకు. నేను ఊరేగింపుల ఉన్న. నినాదం ఇచ్చిన. గొంతు పగిలేటట్టు ఇచ్చిన. 'ఉద్యమం మాకు నోరిచ్చింది' అని మావోళ్లు చాన మంది అంటరు, రాస్తరు, నేను కూడ రాసిన. అది సగమే నిజం. గుంపుల అరుసుడు వేరు, ఒక్కనివి లేచి మాట్లాడుడు వేరు. రిలే దీక్ష టెంటుల 'రెండు నిమిషాలు మాట్లాడన్నా' అని మైకు ఇస్తే నేను నీళ్లు తాగొస్త అని చెప్పి లైబ్రరీ వెనుకకు పోయిన. అన్నంత పని చేసి నీళ్లు తాగిన కూడ.

అక్కడ ఒక ధూంధాం కళాకారుడు గోడకు ఒరిగి బీడి తాగుతుండె. నన్ను చూసి అర్థం చేసుకున్నడు. 'నాకు కూడ గజ్జె కట్టినంక ప్రతిసారి కడుపుల తిప్పుతది' అన్నడు. పాతికేండ్లు ఆడినోడు. 'నువ్వు వెయ్యిమందికి చెప్తున్న అనుకుంటున్నవు. కిందికి చూడు. ఒక్కని మొఖం పట్టుకో. నిన్ను ఇందామని చూసెటోడు ఒకడు తప్పకుండ ఉంటడు. ఆయనకే చెప్పు. మొదటి మాట మాత్రం బట్టీ పట్టుకో, మీ ఊరు పేరైనా సరే. చక్రం కదిలినంక బండి దానంతటదే పోతది.'

మరునాడు పోయిన. కింద ఆర్టీసీ ఖాకీ బట్టలల్ల ఒక డ్రైవరన్న కూసున్నడు. ఆయన మొఖం పట్టుకున్న. 'మాది జనగామ దిక్కు, మా తాత రక్షిత కౌల్దారు' అన్న. అది బట్టీ పట్టిన మాట. ఇగ తర్వాతిది బట్టీ లేదు. రేకు పెట్టె, పట్వారీ, చింతచెట్టు, సర్టిఫికెట్. నాలుగు నిమిషాలు మాట్లాడిన. కాళ్లు వణికినయి, వణకనియ్యి అనుకున్న. కౌల్దారును కౌల్దారే అన్న. 2008ల అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పినట్టైంది, మార్కులేసే సారు మాత్రం అక్కడ లేడు. టెంటు దిగినంక ఆ డ్రైవరన్న వచ్చి, 'తమ్మీ, మాకు కూడ అసువంటి కాయితం ఉన్నది, పట్టా కాలె, ఎవరిని కలవాలె?' అని అడిగిండు. నాకు ఎరుక లేదు. తెలుసుకొని చెప్త అన్న. నేను జర్నలిస్టునయ్యింది ఆ దినమే అనుకుంట.

భయం పోయిందా అంటే పోలె. ఇయాల కూడ ఇక్కడికి వచ్చేటప్పుడు చేతులకు చెమటలు పట్టినయి. గాంధీ సంగతి చదివిన్రా? ఆత్మకథల ఆయనే రాసుకున్నడు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టుల మొదటి కేసు, ముప్పై రూపాయల ఫీజు. సాక్షిని ప్రశ్నించేటందుకు లేచిండు, తల తిరిగింది, ఒక్క ప్రశ్న నోటికి రాలె. ఫీజు వాపస్ ఇచ్చి, కేసు ఇంకో వకీలుకు అప్పజెప్పి బయిటపడ్డడు. లండన్ల బారిష్టరీ చదివొచ్చినోనికే అట్లయితె, మన సంగతి మీరే చూసుకోండ్రి.

ఇక్కడ అధ్యాపకులు కూడ ఉన్నరు. చేతులు జోడించి ఒక్క ముచ్చట. అమెరికాల మేరీ బడ్ రో అని ఒకామె 1970లల్ల క్లాసురూంల రికార్డింగులు ఇని లెక్కగట్టింది. సార్లు ప్రశ్న అడిగినంక జవాబు కోసం ఒక్క సెకండు అటు ఇటుగ ఆగుతున్నరట. అంతే. మూడు సెకండ్లు ఆగిన క్లాసులల్ల పిల్లల జవాబులు పొడుగైనయి, ఎప్పుడూ నోరు తెరవనోళ్లు కూడ తెరిచిన్రు. మూడు సెకండ్లు సార్! చాక్‌పీసు కింద పడితె తీసుకునేటంత సేపు. నేను 2008ల నిలబడ్డప్పుడు మా సారు ఇంకింత ఆగి, 'తెలుగుల చెప్పు, మీ ఇంట్ల చెప్పుకున్నట్టు చెప్పు' అని ఉంటే? అది నా ఒక్కని కథే. పాలమూరాయనది అట్ల గాదు.

ఆయన కథ చెప్పి మైకు ఇస్త.

2011ల సకల జనుల సమ్మె, సెప్టెంబర్ 13నుంచి 42 దినాలు. నేను ఒక పత్రికకు వార్తలు రాసుకుంట పాలమూరు జిల్లాల తిరుగుతున్న. ఒక మండల కేంద్రంల రోడ్డుమీద వంటావార్పు. పొయ్యిలు, డేగిశలు, ఎడమ పక్క ఒక బల్ల, దానిమీద మైకు. మాట్లాడుతున్నది ఆయనే. ప్రైవేటు బడిల సారయ్యిండట. అరగంట మాట్లాడిండు, చేతుల కాయితం లేదు. బొంబాయి బస్సు గురించి, వాళ్ల నాయిన పండుగకు తెచ్చే బట్టల మూట గురించి. 'గా కరువుల మా ఊర్లె' అన్నడు. ఎవ్వలూ నవ్వలె. గంటెలు పట్టుకున్న ఆడోళ్లు కలుపుడు ఆపి ఇన్నరు. ఆ క్లాసుల ఆగిపోయిన మాట ఎక్కడ ఆగిందో అక్కడినుంచే పోతున్నట్టు నాకు అనిపించింది.

దిగినంక నా దగ్గరికి వచ్చిండు. విస్తరాకుల అన్నం పెట్టి చేతికిచ్చిండు. 'ఇంక గట్లనే నవ్వుతున్నవా?' అని అడిగిండు. తనూ నవ్వుకుంటనే అడిగిండు. నాకు నాలుక పిడచగట్టుకపోయింది. తప్పైందిరా అనే నాలుగక్షరాల మాట రాలె. అప్పటికి వందల సభలు చూసినోణ్ని, మైకు భయం పోయిందనుకున్నోణ్ని. విస్తరాకు పట్టుకొని నిలబడ్డ. ఆయన ఇంకో విస్తరు పెట్టేటందుకు పోయిండు. నేను పంపిన వార్తల ఆయన అరగంట మాటలకు నాలుగు లైన్లే దక్కినయి, పేజీల జాగ లేదన్నరు.

తర్వాత ఫోన్ చేసి చెప్పిన. 'ఏ, ఇడిసిపెట్టుర భయ్' అన్నడు. ఇడిసిపెట్టే మనిషే ఆయన. గని ఆయన ఎంఏ అట్లనే నిలిచిపోయింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. కాళోజీ పుట్టిన సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవమైంది. సినిమాలల్ల హీరోలు మన మాట మాట్లాడుతున్నరు. ఇప్పుడు 'గా' అంటే నవ్వరు, రీల్స్ చేస్తరు. సంతోషం. గని ఇందాక ఆ చెల్లె ఎందుకు ఆగింది? ఆమె కంటె ముందు లేచినోళ్లందరు ఇంగ్లీషుల చెప్పుకున్నరు. ఆమె తన ఊరు పేరును ఇంగ్లీషు వాక్యంల ఎట్ల పెట్టాల్నో అని గడప దగ్గర ఆపి అడుగుతున్నదేమో. నాకు అట్ల కనబడ్డది. తప్పైతె చెల్లె నన్ను మన్నించాలె.

మైకు మూడో వరుసకు ఇయ్యుండ్రి. అమ్మా, ఇక్కడ నా మొఖం చూడు, వేరేటోళ్లను చూడకు. మీది ఏ ఊరు? తొందరేం లేదు. మెస్ అన్నలు భోజనాలకు ఇంకో గంట ఉన్నదన్నరు.